కంటిచూపు ప్రయోగాలకు ఇంకా సీఆర్‌టీనే పట్టుకుని వేలాడాలా?

ల్యాబ్_విద్యార్థి: మా ల్యాబ్‌లో ఇదే గొడవ. పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబ్) మానిటర్ 100 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు వంద ఫ్రేములతో, బాగానే నడుస్తోంది, కానీ వెలుతురు తగ్గిపోతోంది, రిపేర్ చేసేవాళ్లు దొరకట్లేదు. గేమింగ్ ఎల్‌సీడీ కొందామని కొందరు, వద్దే వద్దని కొందరు. మా పనంతా తక్కువ కాంట్రాస్ట్ చారలు, 20 మిల్లీసెకన్ల ఫ్లాష్‌లు. మీరేమంటారు?

ఫాస్ఫర్_అభిమాని: వద్దండీ. సీఆర్‌టీలో ఎలక్ట్రాన్ పుంజం తగలగానే చుక్క వెలిగి, కొద్ది మిల్లీసెకన్లలో ఆరిపోతుంది. ఎల్‌సీడీలో చుక్క మారడానికే టైమ్ పడుతుంది, మారాక ఫ్రేమ్ అయ్యేదాకా వెలుగుతూనే ఉంటుంది. అందుకే కదిలే బొమ్మను కన్ను వెంబడిస్తే అలికేసినట్టు కనిపిస్తుంది. డబ్బా మీద వేసే ‘1 మిల్లీసెకను’ను నమ్మకండి. ఓవర్‌డ్రైవ్ (చుక్క త్వరగా మారేలా దాన్ని గట్టిగా తోసే సెట్టింగ్) గట్టిగా పెట్టి సాధించిన అంకె అది. అలా పెడితే చుక్క అడిగినదానికన్నా ఎక్కువ వెలిగి వెనక్కొస్తుంది. కాంట్రాస్ట్ కొలిచేవాళ్లకు అది పనికొస్తుందా?

కొలిచి_చూద్దాం: ఓవర్‌డ్రైవ్ సంగతి నిజమే. కానీ సీఆర్‌టీకి ఏ లోపమూ లేనట్టు చెప్పడం అన్యాయమండీ. 100 హెర్ట్జ్‌లో 20 మిల్లీసెకన్లంటే రెండు ఫ్రేములు. తెర మీద నిజంగా వచ్చేవి 10 మిల్లీసెకన్ల ఎడంతో రెండు మెరుపులు. మొదటిది మొదలై రెండోది ఆరేసరికి గడిచేది పన్నెండో పదమూడో మిల్లీసెకన్లు. పేపర్లో 20 అని రాస్తే చదివేవాళ్లను తప్పుదారి పట్టించినట్టే కదా? ఈ విషయంలో నాకు రాజీ లేదు.

ఇంకోటి చూడండి. ఒక పిక్సెల్ తెలుపు, ఒక పిక్సెల్ నలుపుగా నిలువు చారలు గీయండి. పక్కనే అవే చారలు అడ్డంగా గీసి దూరం నుంచి చూడండి. సీఆర్‌టీలో నిలువు చారల ముక్క కాస్త చీకటిగా కనిపిస్తుంది. పుంజం ఒక వరుసలో పోతూ పక్కపక్క పిక్సెళ్ల మధ్య అంత వేగంగా మారలేదు, అదీ కారణం. ఎల్‌సీడీకి ఈ బాధ లేదు.

ల్యాబ్_విద్యార్థి: అయితే ఎల్‌సీడీ కొనేయమంటారా? ఓఎల్‌ఈడీ సంగతేంటి?

కొలిచి_చూద్దాం: ఓఎల్‌ఈడీలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది కాబట్టి నలుపు నిజంగా నలుపే, చుక్క మారడమూ చాలా వేగం. కాకపోతే తెరలో తెల్లటి భాగం పెరిగితే చాలా మోడళ్లు తమంతట తామే వెలుతురు తగ్గించేస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ మారిస్తే మీ చారల వెలుతురూ మారిపోతుంది. మీకైతే ఎల్‌సీడీనే మేలు. ఓవర్‌డ్రైవ్, డైనమిక్ కాంట్రాస్ట్ (బొమ్మను బట్టి వెలుతురును తనంతట తానే మార్చేది) ఆపేయండి. బ్యాక్‌లైట్ ఆరి వెలిగే రకం కాకుండా చూసుకోండి. పక్క నుంచి చూస్తే వెలుతురు మారిపోతుంది కాబట్టి తల కదలకుండా గడ్డం ఆనించే చిన్‌రెస్ట్ తప్పనిసరి.

మీ అసలు చిక్కు 8 బిట్లు. అంటే నలుపు నుంచి తెలుపు దాకా ఉన్నవి 256 వెలుతురు మెట్లే. సగం వెలుతురు దగ్గర ఒక్క మెట్టు తేడాయే దాదాపు 1 శాతం, మన కన్ను అంతకన్నా తక్కువ కాంట్రాస్ట్‌నూ పట్టేస్తుంది. ఇంకా సన్నటి మెట్లిచ్చే 14 బిట్ల వీడియో పెట్టె గానీ, డిథరింగ్ (పక్కపక్క చుక్కల్ని కాస్త తేడాగా వెలిగించి మధ్య మెట్టు తెప్పించడం) గానీ లేకపోతే ఏ మానిటర్ కొన్నా మీ చారలకు చాలదు.

ఫాస్ఫర్_అభిమాని: బిట్ల మాట ఒప్పుకుంటాను. ఫ్లాష్‌ల విషయంలో మాత్రం ఆ ఎల్‌సీడీ కొలత చూశాకే నమ్ముతాను.

కొలిచి_చూద్దాం: అదే న్యాయం. కొనేముందు ఫొటోడయోడ్‌ను (వెలుతురును కరెంటుగా మార్చే సెన్సర్) తెర పైన, మధ్యలో, కింద పెట్టి, ఆ సిగ్నల్‌ను గ్రాఫుగా చూపే ఆసిలోస్కోప్‌లో రెండు ఫ్రేముల ఫ్లాష్ పట్టండి. పాత సీఆర్‌టీకీ అలాగే చేసి, రెండు గ్రాఫులూ ఇక్కడ పెట్టండి.