వీధులకు, భవనాలకు వ్యక్తుల పేర్లు: నియమావళిలో ఏమేమి ఉండాలి?

ప్రశ్న:
ప్రజా భవనాలకు, వీధులకు వ్యక్తుల పేర్లు పెట్టడంపై ముసాయిదా నియమావళి రాసే పని నాకు అప్పగించారు. జీవించి ఉన్నవారి పేరు పెట్టవచ్చునా? మరణించినవారైతే ఎన్నేళ్లు ఆగాలి? తన పేరే ఉండాలని దాత షరతు పెడితే ఏం చేయాలి? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
గడువుకు ఇటలీ చట్టం మంచి నమూనా. 1927 నాటి 1188వ నంబరు చట్టం ప్రకారం, చనిపోయి కనీసం 10 ఏళ్లు గడవనివారి పేరు వీధికి గాని కూడలికి గాని పెట్టకూడదు. యుద్ధంలో అమరులైనవారికి మినహాయింపు ఉంది. దేశానికి విశేష సేవ చేసినవారి విషయంలో ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఈ సడలింపు ఎవరి చేతిలో ఉంటుందో మీ ముసాయిదాలో స్పష్టంగా రాయకపోతే గడువు కాగితానికే పరిమితమవుతుంది.

గడువు కన్నా నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. 1963లో అధ్యక్షుడు కెనడీ హత్యకు గురైన కొద్ది రోజులకే అమెరికా తీరంలోని కేప్ కెనావరల్ అనే భూభాగానికి ఆయన పేరు పెట్టారు. స్థానికులు ఒప్పుకోకపోవడంతో 1973లో పాత పేరే తిరిగి వచ్చింది. ఆ పక్కనే ఉన్న అంతరిక్ష కేంద్రానికి మాత్రం కెనడీ పేరు నేటికీ ఉంది. కొత్తగా కట్టినదానికి పేరు పెట్టడం, శతాబ్దాలుగా జనం నోట నానిన పేరును తొలగించడం ఒకటి కావు కనుక రెండింటికీ వేర్వేరు నియమాలు ఉండాలి. రెండోదానికి ఆ వీధివాసుల అభ్యంతరాలు వినడం తప్పనిసరి చేయండి, ఎందుకంటే ఇంటి పత్రాల నుంచి బ్యాంకు ఖాతా దాకా చిరునామా మార్చుకుంటూ తిరగవలసింది వారే.

జవాబు 2:
జీవించి ఉన్నవారి పేరు వద్దే వద్దు. కజకిస్తాన్ రాజధాని అస్తానాకు 2019లో, అప్పుడే పదవి నుంచి దిగిన అధ్యక్షుడి పేరిట నూర్-సుల్తాన్ అని పెట్టి, 2022లో మళ్లీ అస్తానా అన్నారు. ఒకే ఊళ్లో రెండు వీధులకు ఒకే పేరు ఉండరాదని కూడా చేర్చండి. లేకుంటే అంబులెన్సు దారి తప్పుతుంది.

జవాబు 3:
దాత విషయంలో కాలపరిమితి పెట్టడమే మార్గం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 2019లో తన దాతలైన శాక్లర్ కుటుంబం పేరును తన గదుల నుంచి తొలగించినప్పుడు, దాతల పేర్లకు 20 ఏళ్ల పరిమితి ఉన్నదనే కారణం చూపింది. వ్యసనంగా మారే నొప్పి మందులు అమ్మిందని ఆ కుటుంబానికి చెందిన మందుల కంపెనీపై అప్పటికే తీవ్ర నిరసనలు నడుస్తున్నా, మ్యూజియం తీర్పరిగా మారవలసిన అవసరం రాలేదు. ఒప్పందంలో పరిమితితో పాటు, పేరు తొలగించినా విరాళం తిరిగి చెల్లించనక్కర లేదన్న వాక్యం సంతకాలకు ముందే ఉండాలి. సంతకాలయ్యాక ఏ దాతా దానికి ఒప్పుకోడు.