ముగ్గురే ఉంటే రమ్మీ దండగ అంటాను. కాదంటారా?

మూడో చెయ్యి:
ఇదివరకు నలుగురం కూర్చునేవాళ్ళం. ఒకరు రావడం మానేశారు, ముగ్గురం మిగిలాం. అలవాటు కొద్దీ ఇప్పటికీ రెండు పేకలు కలిపి పదమూడు ముక్కల రమ్మీయే వేస్తున్నాం. డబ్బులు పెట్టం, ఉత్త పాయింట్లే. మొన్న ఆడుతుంటే ఒక సంగతి తోచింది. గంటన్నర సేపు కూర్చున్నాం గానీ ఒకరితో ఒకరం ఆడింది ఏమీ లేదు. ఎవరి ముక్కలు వాళ్ళు సర్దుకుంటారు, ఒకరు షో చెబుతారు, మిగతా ఇద్దరూ ఉసూరుమంటూ ముక్కలు లెక్కపెట్టి రాసుకుంటారు. అంతే.

పైగా రమ్మీలో నాకు పనికొచ్చేది నా ముందు ఆడేవాడు పారేసిన ముక్క ఒక్కటే. వాడు కాస్త అజాగ్రత్తగా ఆడితే నా పంట పండినట్టే, మూడోవాడు ఎంత బాగా ఆడినా చేయగలిగింది తక్కువ. పూల్ ఆట అయితే మరీ అన్యాయం. పాయింట్లు 101 చేరినవాడు ఆట నుంచి లేచి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. ముగ్గురిలో ఒకడు పోయాక ఇక ఆట ఏముంది?

అందుకే ముగ్గురికి రమ్మీ దండగ అంటున్నాను. మీరేమంటారు?

పదమూడు ముక్కలు:
అన్నా, తప్పు రమ్మీది కాదు, మీ రెండో పేకది. రెండు పేకలకు రెండు జోకర్లు కలిపితే 106 ముక్కలు. ముగ్గురికి పంచేది 39. మిగిలిన 67 ముక్కల్లో ఎక్కడ ఏముందో ఎవడికి తెలుస్తుంది? అందుకే ఎవరి ముక్కలు వాళ్ళు సర్దుకుంటున్నట్టు ఉంటుంది.

ఒక్క పేకే తీయండి, జోకర్లు పక్కన పెట్టేయండి. తలా పది ముక్కలు. జోకరుకు ఒక ముక్క, ఓపెన్‌కు ఒక ముక్క తిప్పితే లోపల మిగిలేవి 20. ప్రతి ముక్కా ఒక్కటే ఉంటుంది. నా చేతిలో ఇస్పేటు 6, 8 ఉన్నాయనుకోండి. 7ను పక్కవాడు ఎత్తుకున్నాడంటే జోకర్ దొరికితే తప్ప ఆ రెండూ కలవవు. ఆ జోకర్లు కూడా తిప్పిన ముక్క అంకెవే, అది పోగా మూడే. అప్పుడు చూడండి, వాడు ఏం ఎత్తాడు, ఏం పారేశాడు అన్నది గుర్తుపెట్టుకోకుండా ఒక్క ముక్క వేయలేరు. ఆట అయ్యేసరికి తల వేడెక్కుతుంది.

పూల్ మానేసి పది ఆటలకు లెక్క కట్టండి, ఎవరూ లేచి వెళ్ళక్కర్లేదు. ఒక్కో ఆటకు కుర్చీలు మారండి, ముందున్నవాడి పుణ్యం అందరికీ సమానంగా దక్కుతుంది.

లెక్కల మావయ్య:
ఒక్క పేక రమ్మీ మంచిదే, కాదనను. కానీ ముగ్గురుంటే జడ్జిమెంట్ ముందు అది నిలవదు. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. ముక్కలు పంచాక ఈ ఆటలో తనకు ఎన్ని పట్లు వస్తాయో ప్రతివాడూ ముందే చెప్పాలి. అందరూ తలో ముక్క వేశాక పెద్ద ముక్క వేసినవాడిదే పట్టు. చెప్పినన్ని సరిగ్గా తెచ్చుకుంటే పది, ఆ పైన చెప్పినన్ని పాయింట్లు. ఒకటి తగ్గినా, ఒకటి ఎక్కువైనా సున్నా. పది ముక్కలతో మొదలుపెట్టి ఒక్కో రౌండుకు ఒకటి తగ్గించుకుంటూ ఒక్క ముక్క దాకా వస్తాం. పంచినవాడు చివర చెబుతాడు, వాడు చెప్పే అంకెతో మొత్తం సరిగ్గా పట్ల సంఖ్యకు సమానం కాకూడదు. అంటే ఎవరో ఒకరు పడి తీరాలి.

మొన్న నేనే పంచాను. అయిదు ముక్కలు, తురుఫు (మిగతా రంగులన్నిటినీ కొట్టే రంగు) ఇస్పేటు. నా చేతిలో ఆఠీన్ ఆసు, రాణి, కళావరు రాజు, డైమండ్ 4, ఇస్పేటు 3. చూడగానే ఒకటి వస్తుందనిపించింది. మొదటివాడు రెండు అన్నాడు, రెండోవాడు రెండు అన్నాడు. నేను ఒకటి అంటే మొత్తం అయిదు, కుదరదు. సున్నా అనడానికి చేతిలో ఆసు ఉంది. చచ్చినట్టు రెండు అన్నాను.

మొదటివాడు డైమండ్ ఆసు దించాడు, నా 4 పోయింది. తర్వాత కళావరు 7 వేస్తే రెండోవాడు 9, నేను రాజు. ఒక పట్టు నాది. ఇక ఆఠీన్ ఆసు దించాను, రెండోది ఖాయం అనుకుంటూ. రెండోవాడి దగ్గర ఆఠీన్ లేదు! ఇస్పేటు 2తో కొట్టాడు. రెండుతో! తర్వాత వాడు కళావరు పది వేస్తే నా ఇస్పేటు 3 పెట్టాను, మొదటివాడు ఇస్పేటు 6 మీద పడేశాడు. ఆఖర్న డైమండ్ రాజుతో రెండోవాడు పట్టు లాక్కున్నాడు, నా ఆఠీన్ రాణి ఊరికే పోయింది. వాళ్ళిద్దరికీ చెరి రెండు. నాకు వచ్చింది సరిగ్గా ఒకటి. నేను చెబుదామనుకుని చెప్పనివ్వని ఒకటి.

ఇంత బాధ రమ్మీలో ఎక్కడ దొరుకుతుంది?

ఇస్పేటు రాణి:
మావయ్యగారూ, మీ కథే మీ ఆట మీద ఫిర్యాదులా ఉంది. మీ అంచనా కరెక్టే, మార్కులు మాత్రం సున్నా. దాన్ని తెలివి అనాలా? పంచడం మీ వంతు వచ్చింది కాబట్టి పడ్డారు. పైగా అయిదు ముక్కల రౌండులో ముగ్గురి చేతుల్లో కలిపి 15, మిగతా 37 నిద్రపోతుంటాయి. ఆఠీన్ రాణి గెలుస్తుందో లేదో దేవుడికే తెలియాలి.

ముగ్గురుంటే నేను హార్ట్స్ అంటాను. పాత విండోస్ కంప్యూటర్లలో ఉండేది, గుర్తుందా? డైమండ్ 2 తీసేస్తే 51, తలా 17. నిద్రపోయే ముక్క ఒక్కటీ ఉండదు. తురుఫు లేదు, మనం గెలిచిన పట్లలో వచ్చిన ఒక్కో ఆఠీన్ ముక్కకు ఒక పాయింటు, ఇస్పేటు రాణికి పదమూడు (నా పేరు ఊరికే పెట్టుకోలేదు). పాయింట్లు తక్కువ ఉన్నవాళ్ళే గెలిచినట్టు. మొత్తం 26 ఒక్కరే మూటగట్టుకుంటే మాత్రం తిరగబడి మిగతా ఇద్దరికీ చెరి 26. రాణి ఎవరి నెత్తిన పడుతుందా అని ప్రతి ఇస్పేటుకూ టెన్షనే.

పదమూడు ముక్కలు:
హార్ట్స్‌లో ఒకడు ముందుంటే మిగతా ఇద్దరూ కళ్ళతోనే మాట్లాడుకుని రాణిని వాడికే అంటగడతారు. ముగ్గురి ఆటకు అదే రోగం. గెలవలేనివాడు ఎవరిని గెలిపించాలో తేలుస్తాడు. రమ్మీలో ఆ అవకాశం తక్కువ.

ఇస్పేటు రాణి:
తక్కువ ఎందుకంటే మూడోవాడికి రమ్మీలో పనే లేదు కాబట్టి. మొదటి పోస్టులో అన్నది అదేగా. ముందున్నవాడిని ఇద్దరు కలిసి లాగడం ఆటలో భాగమే. కాకపోతే ముందుండకుండా కొంచెం వెనకే నడవడం నేర్చుకోవాలి.

కొత్త ఆటగాడు:
మేం ముగ్గురం బ్లఫ్ (ముక్కలు బోర్లా పెట్టి అవేమిటో నిజమో అబద్ధమో చెప్పే ఆట) ఆడి చూశాం, కుదరలేదు. పేకంతా పంచితే తలా పదిహేడో పద్దెనిమిదో. ఎదుటివాడు "మూడు రాజులు" అని బోర్లా పెట్టేసరికి నా చేతిలోనే రెండు రాజులు ఉంటాయి. ఇక అనుమానం ఏముంది, తిప్పడమే. బ్లఫ్‌కు అయిదుగురైనా ఉండాలి.

ఎవరూ ఎవరి మీదా గెలవక్కర్లేని ఆట కావాలంటే హనాబి చూడండి. 50 ముక్కలు, ఇద్దరి నుంచి అయిదుగురి దాకా. నా ముక్కలు నాకు కనపడకుండా ఎదుటివాళ్ళకు తిప్పి పట్టుకోవాలి, వాళ్ళిచ్చే కొద్దిపాటి సూచనలతో వేయాలి. 2013లో జర్మనీలో ఏటా ఇచ్చే పెద్ద ఆటల బహుమతి దీనికే వచ్చింది.

లెక్కల మావయ్య:
ఓడించడానికి ఎవరూ లేకపోతే నేను ఎవరి మీద అరవాలి బాబూ?

మూడో చెయ్యి:
రెండు రాత్రులు ఆడి చూశాం. చెబుతాను.

మొదటి రోజు ఒక్క పేక రమ్మీ. దండగ అన్న మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. మాలో ఒకరు డైమండ్ 9 కోసం చివరిదాకా కూర్చున్నారు. అది నా వంతు మూడోసారి వచ్చినప్పుడే నేను ఎత్తిన ముక్క, ఆయన చూడలేదు. షో అయ్యాక నా ముక్కల్లో అది కనపడగానే ఆయన మొహం చూడాలి! రెండు పేకల ఆటలో ఈ దెబ్బ ఇంత గట్టిగా తగలదు. కుర్చీలు మారడం కూడా పనిచేసింది.

రెండో రోజు జడ్జిమెంట్. పది రౌండ్లకు యాభై నిమిషాలు. ఫోన్ ఎవరూ తీయలేదు, తీరికే లేదు. కానీ పంచినవాడి రూలు దగ్గర గొడవైంది. ఇద్దరికి అదే ఆటకు ప్రాణం అనిపించింది, ఒకరికి ఒళ్ళు మండింది. ఆ ఒకరు నేనే. మావయ్యగారిలాగే నాకూ ఒకటి చెప్పాల్సిన చోట రెండు చెప్పాల్సి వచ్చింది, ఆ ఒకటే వచ్చింది.

హార్ట్స్ శనివారం. డైమండ్ 2 ఇప్పుడే తీసి పక్కన పెట్టాను.