చెక్క పని మిషన్లకు గంటకు ఎంత కరెంటు వేసుకోవాలి?

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర మాకు చిన్న వడ్రంగి షాపు ఉందండీ. తలుపు రేటు చెప్పేటప్పుడు కరెంటు ఖర్చును నాన్నగారు ఇన్నాళ్లూ ఉజ్జాయింపుగానే వేస్తున్నారు. ఈమధ్య రెండు పెద్ద ఆర్డర్లలో మిగిలిందేమీ లేదు, అందుకే లెక్క తేల్చుకోవాలని కూర్చున్నాను.

చిత్రిక పట్టే మిషన్ మోటారు 3 హెచ్‌పీ. హెచ్‌పీకి 746 వాట్ల చొప్పున 2.24 కిలోవాట్లు, మోటారు సామర్థ్యం 85 శాతం అనుకుంటే లాగేది 2.6 దాకా వస్తుంది. కానీ మీటరు వేరేలా చెబుతోంది. దాని మీద యూనిట్‌కు 800 పల్స్‌లు అని రాసి ఉంది. మిగతావన్నీ ఆపేసి, ఒక్కో పల్స్‌కు ఒకసారి వెలిగే మీటరు ఎర్ర లైటు లెక్కపెట్టాను. ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి 12 సార్లు వెలిగింది, అంటే 0.9 కిలోవాట్లు. టేకు పలక లోపలికి తోయగానే చకచకా కొట్టుకుని 32కి చేరింది, అంటే 2.4.

రోజంతా పలక లోపల ఉండదు కదా, మరి గంటకు ఏ అంకె పట్టుకోవాలి? పాలిష్ కంప్రెసర్ ట్యాంకు నిండగానే ఆగిపోతుంది, దానికెలా? అన్నిటికంటే నన్ను తికమక పెడుతున్నది ఫిక్స్‌డ్ ఛార్జీ. పని లేని నెలలోనూ మంజూరైన లోడ్‌కు కట్టాల్సిందే, దాన్ని ఒక్కో తలుపు మీద ఎలా పంచుతారు?

షాపు నడిపేవాళ్లు మీరు వేసే పద్ధతి చెప్పండి, దయచేసి.