రెండు రోజుల శిక్షణ అయింది, గట్టు మీద ఏం పెట్టాలో మాత్రం తెలియలేదు

మిర్చిచేను (ప్రత్తిపాడు):
అందరికీ నమస్కారం. మాది ప్రత్తిపాడు పక్కన పల్లె. సొంతం ఎకరం 30 సెంట్లు, కౌలుకి ఇంకో ఎకరంన్నర. అంతా నల్లరేగడే. మిర్చి వేస్తాం, ఒక్కో ఏడు పత్తి. 2021లో నల్లతామర పురుగొచ్చి చేను మొత్తం ముడుచుకుపోయాక, మిర్చి పేరెత్తితే మా ఆయన లేచి బయటికి పోయేవాడు. అప్పట్నుంచీ ఒక్క పంటనే నమ్ముకోకూడదని నాకు పట్టుకుంది.

మొన్న గుంటూరులో చెట్లూ పంటా కలిపి వేసే సాగు మీద రెండు రోజుల శిక్షణంటే మా డ్వాక్రా సంఘం నుంచి ఆరుగురం వెళ్లాం. ఏసీ హాలు, తెర మీద బొమ్మలు. దీనికి జాతీయ విధానం 2014లోనే వచ్చిందని, అలా పెట్టుకున్న మొదటి దేశం మనదేనని చెప్పారు. సంతోషమే. భోజనంలో గోంగూర బాగుంది. సంచి, పెన్ను ఇచ్చారు. కానీ రెండు రోజుల్లో ఒక్క మొక్కని ముట్టుకోలేదు, ఒక్క గొయ్యి తీయలేదు. టేకు, శ్రీగంధం, మలబారు వేప అంటూ ఎకరాకి ఇన్ని లక్షలని లెక్కలు వేశారు. మా వాళ్లలో ఒక పెద్దావిడ లేచి, "బాబూ, చెట్టు నీడ పడితే మిర్చికాయ ఎర్రబడుద్దా?" అని అడిగింది. ప్రశ్నలు చివర్లో అన్నారు. చివర్లో ఫొటో దిగాం.

మా సొంత చేనుకి ఉత్తరాన డొంక (బండ్లు పోయే బాట), దక్షిణాన మా బావగారి చేను. ఏ గట్టున ఏ చెట్టు పెడితే మిర్చి దెబ్బతినదు? కౌలు చేలో ఏమైనా పెట్టొచ్చా? పైగా సంఘం వాళ్లు "మన చేలోనే శిక్షణ పెట్టించు" అని నా మీద పడ్డారు. చేతులతో చేయించి నేర్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మెట్టరైతు (సత్తెనపల్లి):
చెల్లెమ్మా, ఏది పెట్టినా సుబాబుల్ మాత్రం పెట్టకు. నేను రెండెకరాలు వేశాను. కొట్టే వేళకి రేటు పడిపోయింది, అది సరే. కాయ ఎండి గింజ రాలిందంటే మాత్రం ఇక వదలదు. తీసేసి మూడేళ్లయినా పత్తిసాళ్లలో మొలుస్తానే ఉంది. మేకలకి బాగుంటది, అదీ వేరే మేతతో కలిపితేనే.

గునపం (విజయవాడ):
అమ్మా, చేలో చేతులతో చేయించి నేర్పడమే నా పని. ఉండేది సింగ్‌నగర్, తిరిగేది గట్ల మీద. ఆ పెద్దావిడ అడిగిందే అసలు ప్రశ్న. అందుకే నా శిక్షణ డిసెంబరులో మొదలుపెడతాను. 20 అడుగుల వెదురు గెడ గట్టు మీద నిలబెడతాం. డిసెంబరు చివరి వారంలో, మధ్యాహ్నం పన్నెండు దాటాక దాని నీడ కొలిస్తే దాదాపు 17 అడుగులు వస్తుంది, ఉత్తరం వైపు. అదే గెడ జూన్ నెలాఖరులో అయితే రెండున్నర అడుగులే, అదీ దక్షిణం వైపు. మన మిర్చి పూతా కాయా మీద ఉండేది చలికాలంలోనే కదా. దక్షిణపు గట్టు మీద చెట్టు పెడితే నీడ నేరుగా మీ మిర్చి మీద. ఉత్తరపు గట్టున పెడితే డొంక మీద. అక్కడ డొంక కాకుండా ఇంకొకరి చేను ఉండుంటే ఈ సలహా ఇచ్చేవాణ్ని కాదు, రేపు పంచాయితీలో నా పేరే చెబుతారు.

ఇక వేళ్ల సంగతి. నీడ కంటికి కనబడుతుంది, వేరు కనబడదు, అదే ఎక్కువ తింటుంది. రెండో ఏడాది నుంచి చెట్ల వరసకీ పంటకీ మధ్య రెండడుగుల లోతు కాలవ తీసి, అడ్డొచ్చిన వేళ్లు తెంపాలి. ఏటా తొలకరికి ముందు ఇదే పని. నా దగ్గర ఈ కాలవ పది గజాలు తీశాకే టీ.

గోతులు ఏప్రిల్, మే నెలల్లోనే తీసుకోండి, మూర లోతు, మూర వెడల్పు. ఎండనిచ్చి, పశువుల ఎరువు కలిపి, వాన బాగా పడి నేల నానాక నాటండి. రేగడి నెర్రెలిచ్చినప్పుడు లేత మొక్క వేరు ఎండిపోతుంది, మొదటి వేసవిలో మొక్క మొదలు చుట్టూ చెత్త కప్పాలి. నీళ్లు నిలిచే మూల టేకు పెట్టొద్దు. కొమ్మ తీసేటప్పుడు రంపంతో ముందు కింద గాటు పెట్టి, ఆ తర్వాత పైనుంచి కోయాలి. పైనుంచే కోస్తే కొమ్మ విరుగుతూ కాండం బెరడు చీల్చుకుపోతుంది. ఇది తెర మీద చూస్తే రాదు, నాలుగు కొమ్మలు పాడు చేస్తేనే వస్తుంది.

ఉన్న ఎకరం 30 సెంట్లలో చెట్ల తోట వేయకండి. ఉత్తరపు గట్టు 70 మీటర్లుంటే రెండు మీటర్లకొక టేకు చొప్పున 35 చెట్లు. లక్షలు రావు, దూలాలు వస్తాయి. డొంక పోరంబోకు కాబట్టి మీ హద్దుకి ఒక మీటరు లోపలికి నాటండి, అడంగల్‌లో, అంటే ఊరి భూమి-పంట లెక్కలో ఎక్కించండి. టేకు నరికి తరలించాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. శ్రీగంధం పక్క మొక్క వేళ్ల మీద ఆధారపడి బతుకుతుంది, కంది లాంటిది తోడు పెట్టాలి. పెరిగాక దొంగల కాపలా. మీకున్న పనికి అది వద్దు.

కౌలుదారు (దుగ్గిరాల):
అక్కా, కౌలు చేలో చెట్టు మాట మర్చిపో. 2019 చట్టం కింద మనకిచ్చే సాగుదారు హక్కు కార్డే 11 నెలలది. నేను తెలివనుకుని గట్టున మునగ పెట్టాను. రెండో ఏడు కాపు చూసి ఆసామి కౌలు పెంచాడు, మూడో ఏడు చేను వాళ్ల తమ్ముడికిచ్చాడు. మునగకాయలు ఇప్పుడు నేను బజార్లో కొంటున్నా. కౌలు చేను చుట్టూ మూడు సాళ్లు జొన్న వేసుకో, పురుగుకి అడ్డం ఉంటది, ఏడాదిలో నీ చేతికొస్తది.

మిర్చిచేను (ప్రత్తిపాడు):
అందరికీ దండాలు. కౌలు చేనుకి జొన్న ఖాయం. దక్షిణపు గట్టున టేకు పెడదామన్నది మా ఆయనే, ఇప్పుడు మాట్లాడట్లేదు. గెడ సంగతి చదివి వినిపిస్తే మా పెద్దావిడ, "గెడ దేనికే, మన గట్టు మీద తాటిచెట్టు లేదా" అంది. మధ్యాహ్నం అందరం పోయి నీడ కొలిచాం. తీరా ఆ తాటిచెట్టు పొడుగెంతో ఎవరికీ తెలియదు. గునపం గారూ, డిసెంబరు 20 తర్వాత ఏ రోజైనా సరే రండి. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు మాకు సంత.