అప్‌డేట్: చేపపిల్లల గదికి హీటర్ల సంగతి తేలింది

మేడ మీది గదిలో గప్పీ, బెట్టా అనే రంగుచేపల్ని పెంచడానికి తొట్టెకో హీటర్ కొనాలా, గది మొత్తాన్నీ వెచ్చగా ఉంచాలా అని అడిగాను కదా. గదినే వెచ్చబెట్టమన్నవాళ్ల మాట విన్నాను. హైదరాబాద్ చలికి అది చక్కగా సరిపోయింది.

కిటికీకి, తలుపుకి లోపలివైపు థర్మోకోల్ షీట్లు బిగించి, ఒక చిన్న రూమ్ హీటర్‌ని థర్మోస్టాట్‌కి కలిపాం. వేడి పైకి పోతుంది కాబట్టి పై అరలో బెట్టాలు, కింద గప్పీలు. తెల్లవారుజామున కూడా పై తొట్లు 27 డిగ్రీలు, కిందవి 24 చూపిస్తున్నాయి.

గాలికి ఒకటే పంపు. పీవీసీ పైపుకి చిన్న వాల్వులు పెట్టి తొట్లలో నీళ్లు శుభ్రం చేసే స్పాంజి ఫిల్టర్లన్నిటికీ పంచాను. పంపుని మాత్రం నీటిమట్టానికి పైనే పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి పంపులోకి వచ్చేస్తాయి.

అన్నిటికన్నా మేలు చేసింది ఆర్టీమియా, అంటే చేపపిల్లలకు మేతగా వేసే, రొయ్యల్లాంటి చిన్న ఉప్పునీటి జీవులు. సీసాలో లీటరు నీళ్లకు 25 గ్రాముల ఉప్పు, అడుగు నుంచి గాలి, పక్కన బల్బు. అందులో వేసిన ఆర్టీమియా గుడ్లు ఒకటిన్నర రోజులోపే పొదుగుతాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలి, పిల్లలు అడుగున చేరతాయి. వాటిని సన్నని గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేశాను. కాసేపటికే బెట్టా పిల్లల పొట్టలు నారింజ రంగుకి తిరిగాయి. ఎంత సంతోషమేసిందో!

ఇక మిగిలింది గోడల చెమ్మ. తొట్లకు మూతలు వేశాక కొంత తగ్గింది. వేడి పోకుండా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వాడుతున్నవాళ్లు ఉంటే ఎలా పెట్టారో చెప్పండి.