బాలింతకు ఇట్లా ఉంటుందా, లేక డాక్టర్‌కు చూపించాలా?

మాది అనంతపురం. మా ఆవిడ కాన్పుకు గుంతకల్లులో పుట్టింటికి పోయింది, పాప పుట్టి 7 వారాలు. నేను శనివారం పోయి సోమవారం వస్తా. మొదట్లో ఊరికే ఏడ్చేది, అందరికీ ఉండేదే అన్నారు. ఇప్పుడు ఏడుపూ లేదు. పోయిన ఆదివారం పాప ఉయ్యాల్లో గుక్కపట్టి ఏడుస్తుంటే, పాలు కారి జాకెట్టు తడిసిపోతున్నా గోడ వైపు చూస్తూ అట్లే కూర్చుంది. పాప పడుకున్నా తనకు నిద్ర రాదు. రాత్రి "నేను లేకున్నా పాపను మీ అమ్మ బాగా చూసుకుంటుందిలే" అనింది. అత్త దిష్టి అని దర్గాలో తాయెత్తు కట్టించింది. మా అమ్మేమో "మేం కనలేదా నలుగుర్ని" అంటుంది. ఏం చేయాలి?

కర్నూలు నర్సు:
అన్నా, శనివారం దాకా ఆగొద్దు, ఆ 'నేను లేకున్నా' అన్న మాట కోసం ఈరోజే పో. కాన్పయిన రెండు మూడు రోజులకు వచ్చే ఏడుపు రెండు వారాల్లో తగ్గిపోతుంది. ఏడో వారంలో ఇట్లుందంటే డిప్రెషన్ అయ్యుండొచ్చు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా క్యాజువాలిటీకి తీసుకుపో. అంతలోపు మాట్లాడాలంటే మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే. రక్తం తక్కువుందేమో, థైరాయిడ్ ఉందేమో కూడా చూపించు. ఇంకోటి, ఎవరివో మాటలు వినిపిస్తున్నాయన్నా, పాప మీద వింత అనుమానాలు పడినా గంట కూడా ఆగకూడదు.

ప్రొద్దుటూరు అమ్మ:
నాకు రెండో కాన్పులో ఇదే. మాత్రలంటే పాలు మాన్పించాలేమో అని భయపెట్టారు కానీ డాక్టరమ్మ పాలిచ్చేవాళ్లకు సరిపడేవే రాసింది, పాలిస్తూనే వేసుకున్నా. మూడు వారాల దాకా తేడా తెలీక ఆపేద్దామనుకున్నా, మా ఆయన ఆపనీలేదు. రాత్రి పది నుంచి మూడు దాకా బిడ్డ ఆయన దగ్గరే, పిండిన పాలు గిన్నెలో పెట్టి ఇచ్చేదాన్ని. చూడ్డానికొచ్చి "పాలు చాలుతున్నాయా, ఎందుకట్లా చిక్కిపోయినావు" అనేవాళ్లను వరండాలోనే కాఫీ ఇచ్చి పంపేవాడు, అదొక్కటి చాలు ఆయనకు దండం పెట్టడానికి! ధైర్యంగా ఉండు అని మాత్రం అనొద్దు, ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఆదోని నుంచి:
తాయెత్తు విప్పించి అత్తతో కొట్లాట పెట్టుకోవద్దు బ్రదర్, అది చేతికుంటే మాత్ర పనిచేయనంటుందా? ఇరుగుపొరుగు అడిగితే థైరాయిడ్ టెస్టుకని చెప్పు. మీ ఆవిడకు మాత్రం నిజమే చెప్పు.

అడిగినతను:
మధ్యాహ్నమే గుంతకల్లు వచ్చినా. అడిగినా. చాలాసేపు పలకలేదు, తర్వాత "రెండు మూడు సార్లు అనిపించింది" అని నా చేయి పట్టుకుంది. కారు మాట్లాడినా, అనంతపురం పెద్దాసుపత్రికి బయలుదేరుతున్నాం. అత్త కూడా వస్తోంది, పాప గుడ్డలు సర్దుతోంది.