మీటియర్ 350: దూరప్రయాణాల కోసం ముందుగా ఏవి మార్చుకోవాలి?

ప్రశ్న (విజయవాడ)

నమస్కారం. ఈ మధ్యనే రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 ఫైర్‌బాల్ తీసుకున్నాను. సెలవుల్లో మా ఆవిడతో కలిసి వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లిరావాలని చాలాకాలంగా ఉన్న కోరిక. అందుకు విండ్‌షీల్డ్, మెత్తటి సీటు, బ్యాక్‌రెస్ట్, అదనపు లైట్లు పెట్టించాలనుకుంటున్నాను. ఆటోనగర్‌లో విచారిస్తే, ముందు సైలెన్సర్ మార్చండి, పికప్ కూడా పెరుగుతుందని అన్నారు. బండికి నిజంగా ఉపయోగపడేవి ఏవో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (గుంటూరు)

సైలెన్సర్ జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. ఇది బీఎస్-6 (కాలుష్య నియంత్రణ ప్రమాణం) బండి. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) పెట్రోలు కొలత నిర్ణయిస్తుంది. ఈసీయూను సరిచేయకుండా సైలెన్సర్ ఒక్కటే మారిస్తే గాలి-పెట్రోలు మిశ్రమం లెక్క తప్పి, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపమని పేలుతుంది తప్ప, 20 బీహెచ్‌పీ ఇంజిన్‌కు చెప్పుకోదగిన బలమేమీ రాదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పులను నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

లైట్ల విషయంలోనూ తొందరపడకండి. దోర్నాల దాటాక నల్లమల అడవి దారిలోకి రాత్రిపూట వాహనాలను వదలరు కాబట్టి, మీరు ఎలాగూ పగలే ప్రయాణిస్తారు. అయినా పెట్టించాలనుకుంటే 40 వాట్ల లైట్లు రెండింటికి దాదాపు 7 ఆంపియర్ల కరెంటు కావాలి. అంత భారం హ్యాండిల్ మీది స్విచ్ మోయలేదు. విడిగా రిలే (ఎక్కువ కరెంటును తాను మోసే స్విచ్), 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, కంపెనీ వైరింగ్‌ను ఎక్కడా కోయకుండా నేరుగా బ్యాటరీ నుంచి లైను తీసే మెకానిక్‌కే పని అప్పగించండి. ఎదురుగా వాహనం వస్తుంటే వాటిని ఆపివేయడం మాత్రం మరవకండి.

సమాధానం 2 (విజయవాడ)

మీ ఆవిడ కూడా వస్తున్నారు కనుక, డబ్బు ఖర్చు పెట్టేముందు వెనుక షాక్ అబ్జార్బర్ల ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) పెంచి చూడండి. ఆరు మెట్లు ఉంటాయి. ఇద్దరు ఎక్కినప్పుడు రెండు మూడు మెట్లు బిగిస్తే గుంతల్లో బండి అడుగుదాకా కూరుకుపోదు. రెండు వైపులా ఒకే మెట్టులో ఉంచాలి. ఇది చేయకుండానే చాలామంది కొత్త షాకులు కొంటున్నారు, అది నాకు బాధగా ఉంటుంది.

సీటు మెత్తగా ఉండాలనుకోవడం సహజమే కానీ, బాగా మెత్తటి ఫోమ్ గంటసేపటికే అణిగిపోయి, కింది ప్లేటు తగులుతుంది. కాస్త గట్టి ఫోమ్, వెడల్పాటి సీటు దూరానికి మేలు. మీటియర్‌లోనే వేరే రకాలైన స్టెల్లార్‌కు బ్యాక్‌రెస్ట్, సూపర్‌నోవాకు విండ్‌షీల్డ్ కంపెనీయే ఇస్తోంది. మీ ఫైర్‌బాల్‌కూ అవే సరిపోతాయో లేదో షోరూంలో అడగండి. బయటి కంపెనీ విండ్‌షీల్డ్ కొంటే దాని పై అంచు మీ ముక్కు ఎత్తు దాటకుండా, చూపు దాని పైనుంచి పోయేలా ఉండాలి. సులభంగా ఊడదీసే రకమే తీసుకోండి; మన మే నెల ఎండల్లో ఛాతీకి గాలి తగలకపోతే ప్రయాణం నరకమే.

సమాధానం 3 (గుంటూరు)

పై ఇద్దరితో ఏకీభవిస్తాను. హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు ఎవరైనా సూచిస్తే, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పించి, క్లచ్ కేబుల్, బ్రేక్ గొట్టం లాగినట్లు అవుతున్నాయేమో చూసుకున్నాకే డబ్బు చెల్లించండి. అమర్చిన వస్తువుల బిల్లులు భద్రపరచి, ఇన్సూరెన్స్ పాలసీ రెన్యువల్‌లో వాటిని యాక్సెసరీస్ కింద చేర్పించండి.